మేస్త్రీ ఉండగా ఊళ్లో సివిల్ ఇంజనీరుకి పనేముంది?

ప్రశ్న అడిగినవారు గుంటూరు దగ్గర సివిల్ బీటెక్ ఆఖరి సంవత్సరం చదువుతున్నారు. నాన్నగారు తాపీ మేస్త్రీ. క్లాసులో సగం మంది కోడింగ్ కోచింగులో చేరిపోయారట. "మేస్త్రీ ఉండగా ఇంజనీరెందుకు" అని ఊళ్లో వాళ్లంటున్నారు, ప్లాన్ కావాలంటే ఫోన్లో యాప్ గీసి ఇచ్చేస్తోంది, నేను ఇక్కడే ఉండిపోతే బతకగలనా అని అడిగారు.

బతకగలరు. ప్లాన్లు గీసి బతుకుదామనుకుంటే మాత్రం వద్దు, మీ క్లాస్‌మేట్స్ దారే నయం. ఇప్పుడు మన దగ్గర ఇంజనీరు అవసరం ఎక్కువగా ఉన్నది కట్టేసిన ఇళ్ల దగ్గర. ఇంటి కింద మట్టి, ఇంటి ముందు డ్రైను, వీధి ఎత్తుపల్లాలు చూసి, కొలిచి, మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పేవాళ్లు కావాలి. అలాంటి వాళ్లు చాలా తక్కువమంది ఉన్నారు. నేను విజయవాడలో 26 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, వారానికో రోజు గుంటూరు వైపు కూడా వస్తుంటాను. మీ ప్రశ్నలో నా పాత టెన్షనే కనిపించింది కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

నేను సూర్యారావుపేటలో ఒక పెద్దాయన ఆఫీసులో చేరినప్పుడు పనంతా ట్రేసింగ్ పేపరు, ప్లాను నకళ్లు తీసే అమ్మోనియా ప్రింటు. ఆ వాసనకి కళ్లు మండిపోయేవి. ఇంటాయన వచ్చి "మున్సిపాలిటీకి ఒక ప్లాను, మేం కట్టుకోడానికి ఒక ప్లాను" అని మొహమాటం లేకుండా అడిగేవాడు. మొదటిది ఫైల్లోకి పోయేది. రెండోదాన్ని మేస్త్రీ ఒకసారి చూసి, మడిచి జేబులో పెట్టుకుని, తనకు అలవాటైనట్టు కట్టేవాడు. మేం సైటుకు వెళ్లేది శంకుస్థాపన రోజు, స్లాబు రోజు. స్లాబు రోజు భోజనం బాగుండేది. మా నాన్న తరానికి ఇంజనీరంటే కాటన్ దొర, లేదా కంకిపాడులో పుట్టిన కె.ఎల్. రావు గారు. వాళ్లు ఆనకట్టలు, ప్రాజెక్టుల మనుషులు. వీధి చివర ఆఫీసు పెట్టుకున్న మాలాంటివాళ్లం సంతకం పెట్టేవాళ్లం, అంతే.

ఇప్పుడు ప్లాన్ అప్రూవల్ ఆన్‌లైన్. డ్రాయింగ్ అప్‌లోడ్ చేస్తే సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఎంత తగ్గిందో సాఫ్ట్‌వేరే కొలిచి తిప్పి పంపేస్తుంది. గీత పనికి ధర పడిపోయింది. అదే సమయంలో ఎల్‌టీపీ (ప్లాన్లకు సంతకం పెట్టే లైసెన్సు ఉన్న టెక్నికల్ మనిషి) సంతకానికి బరువు పెరిగింది. ఒకటి గీసి ఇంకోటి కడితే నోటీసు ఇంటాయనతో ఆగదు, మన లైసెన్సు దాకా వస్తుంది.

ఇంకో మార్పు 2019 అక్టోబరులో వచ్చింది. గ్రామ, వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు పల్లెల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్లను, పట్టణాల్లో వార్డు ఎమినిటీస్ సెక్రటరీలను వేశారు. అంతకుముందు ఇంజనీరును కలవాలంటే మండలం ఆఫీసుకు వెళ్లి "ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు ఫీల్డులో ఉన్నారు" అనే మాట విని తిరిగి రావడమే. ఇప్పుడు పైపు పగిలితే పక్క వీధిలో కూర్చున్న పాతికేళ్ల అమ్మాయిని నిలదీస్తున్నారు. పాపం వాళ్లకి సర్వేలు, యాప్‌లో ఫొటోలు, ఇంకా ఏవేవో పనులు అంటగడతారు, అసలు పనికి టైమే ఉండదు. అయినా ఇంజనీరు అందుబాటులో ఉండే మనిషి అనే అలవాటు జనానికి అయింది. ప్రైవేటులో ఉన్న నాకు కూడా దాని లాభం తెలుస్తూనే ఉంది.

ఇక అసలు పని ఎలా ఉంటుందో రెండు మూడు కేసులు చెబుతాను.

మీది గుంటూరు వైపు కాబట్టి ముందు నల్లరేగడి. తాడికొండ దగ్గర ఒక ఊళ్లో మిర్చి వ్యాపారం చేసే ఆయన ఇల్లు. కట్టి ఆరేళ్లయింది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు. ఏప్రిల్లో పోస్టుకార్డు దూరేది, అక్టోబరుకి గోరు కూడా దూరేది కాదు. మేస్త్రీని పిలిస్తే సిమెంటు పూశాడు, మళ్లీ విచ్చింది. సిద్ధాంతిగారిని పిలిస్తే గేటు మార్పించారు, పగులు మాత్రం ఉన్నచోటే ఉంది. చివరికి ఎవరో చెబితే నన్ను పిలిచారు.

వేసవిలో వెడల్పై వానల్లో మూసుకునే పగులు కనిపిస్తే సగం జవాబు దొరికినట్టే. కింద మట్టి ఊపిరి పీల్చి వదులుతోందని అర్థం. కానీ ఆ మాట చెబితే ఆయన నమ్మలేదు. అందుకని ఆయన ముందే పరీక్ష పెట్టాను. పునాది పక్కన తవ్విన మట్టిని ఎండబెట్టి, నలిపి, 425 మైక్రాన్ జల్లెడ పట్టి, 10 గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో పోశాను. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, రెండోదాంట్లో కిరోసిన్, రెండూ 100 మి.లీ. గీత దాకా. (కిరోసిన్ సంపాదించడానికే రెండు రోజులు పట్టింది. రేషన్లో రావడం మానేశాక దానికి కరువొచ్చింది.) కిరోసిన్‌లో రేగడి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. మర్నాడు చూస్తే కిరోసిన్ జాడీలో మట్టి 11 దగ్గర, నీళ్ల జాడీలో 19 దగ్గర ఉంది. లెక్కేస్తే 73 శాతం ఉబ్బు. 50 దాటితే చాలు, జాగ్రత్తపడాలి. ఆయన రెండు జాడీలను పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. "ఇది మా ఇంటి కింద ఉందా?" అన్నారు.

అప్పుడు ఇంటి చుట్టూ తిరిగాం. వంటింటి తూము నీళ్లు ఆరేళ్లుగా ఒకే మూలన నేలలోకి ఇంకుతున్నాయి. ఆ మూల మట్టి ఎప్పుడూ తడి, ఎదుటి మూల వేసవిలో నెర్రెలు. ఒక పక్క ఇల్లు పైకి లేస్తోంది, ఇంకో పక్క దిగుతోంది. నేను చెప్పింది మూడే పనులు. తూము నీటిని పైపు వేసి దూరంగా పంపండి, ఇంటి చుట్టూ ఐదడుగుల వెడల్పున బయటికి వాలుగా గచ్చు వేయించండి, ఒక ఏడాది ఆగి అప్పుడు పగులు పూడ్చండి. "ఇంతేనా?" అని ఆయన మొహం చిన్నబోయింది. పెద్ద ఖర్చు చెబితేనే పెద్ద ఇంజనీరని మనవాళ్లకి ఒక నమ్మకం. రెండేళ్ల తర్వాత అటు వెళ్లినప్పుడు చూశాను, పూడ్చిన చోట వెంట్రుకవాసి గీత తప్ప ఏమీ లేదు.

కట్టకముందే పిలిచి ఉంటే అండర్ రీమ్డ్ పైల్స్ వేయమనేవాడిని. తడి పెద్దగా మారని లోతు దాకా, సాధారణంగా మూడున్నర మీటర్లు, అవసరమైతే ఇంకా కిందికి గుంత వేసి, అడుగున బల్బులా వెడల్పు చేసి కాంక్రీటు నింపుతారు. ఆ బల్బు పైలుకి రెండున్నర రెట్ల వెడల్పు ఉంటుంది, పై మట్టి ఉబ్బినా పునాదిని లాగలేదు. మీ నాన్నగారికి ఈ పని తెలిసే ఉంటుంది, కనుక్కోండి.

రెండోది విజయవాడ పక్కనే పారే బుడమేరు వాగు. 2024 సెప్టెంబరు 1 నాటి వరద గురించి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది, అంతకుముందు 2009లో చూసిన దానికన్నా ఎక్కువ. కృష్ణలంక వాళ్లు రిటైనింగ్ గోడ వల్ల చాలావరకు గట్టెక్కారు. సింగ్ నగర్, పాయకాపురం వైపు వాళ్లను మాత్రం గట్టు తెగిన బుడమేరు ముంచేసింది. వీధి గుమ్మానికి కాపలా పెడితే దొడ్డి గుమ్మంలోంచి దూరినట్టయింది. గండ్లు పూడ్చడానికి సైన్యం రావలసి వచ్చింది.

నీళ్లు తీశాక నాకు వచ్చిన ఫోన్లు అంతకుముందు ఐదేళ్లలో రాలేదు. అందరిదీ ఒకే ప్రశ్న, "ఇంట్లో ఉండొచ్చా సార్?" ఇద్దరు కుర్రాళ్లను వెంటేసుకుని పది రోజులు తిరిగాను. అప్పుడు ఏ కాలేజీలోనూ చెప్పని విషయాలు చెప్పాల్సి వచ్చింది. సంపును వెంటనే మొత్తం తోడేయొద్దు, చుట్టూ నేల నీళ్లతో నిండి ఉన్నప్పుడు ఖాళీ సంపు గోడలు బయటి ఒత్తిడికి పగలొచ్చు, సంపే పైకి తేలొచ్చు. సెప్టిక్ ట్యాంకుకీ అంతే. గచ్చును ఇనప రాడ్డుతో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే బేస్‌మెంట్ మట్టి కిందికి దిగినట్టు, బరువైన బీరువా అక్కడ పెట్టొద్దు. రంగులకు తొందరపడొద్దు. అడుగు చదరం ప్లాస్టిక్ కవరు గోడకి టేపుతో నాలుగు వైపులా అంటించి, మర్నాడు తీసి చూడండి, లోపల చెమ్మ చుక్కలుంటే ఇంకా ఆగండి. దసరాకి ఇల్లు కళగా ఉండాలని రంగులేసినవాళ్ల గోడలు సంక్రాంతికి పొలుసులు రాలాయి.

ఒకాయన వీడియోలు చూపించి ఇంటిని జాకీలతో మూడడుగులు లేపించమన్నారు. లేపుతారు, అది అబద్ధం కాదు. గోడను పునాది మీద కొంచెం కొంచెం కోసి, కింద ఇనప ఛానళ్లు దూర్చి, వరసగా జాకీలు పెట్టి అందరూ ఒకే లెక్కన తిప్పుతారు. కానీ ఆయన ఇల్లు కింద తొమ్మిదంగుళాల గోడల మీద నిలబడి ఉంది, వెనక రెండు గదులు తర్వాత వేరే పునాది మీద కలిపారు, వాటి మీద మేడ. రెండు పునాదుల ఇల్లు ఒకేలా లేవదు. నేను ఒప్పుకోలేదు. ఆయన ఇంకో ఇద్దరిని అడిగారు. అందులో ఒకరు సరే అన్నారని కూడా నాకు తెలిసింది. చివరికి ఏమనుకున్నారో, నేను రాసిచ్చిన చిన్న పనులే చేయించారు. మీటరు బోర్డు మేడ మెట్ల దగ్గరికి పైకి మార్చడం, సంపు మూత చుట్టూ రెండడుగుల గోడ, మేడ మీద ఒక మరుగుదొడ్డి, వీధి చాంబరుకి వెళ్లే పైపులో నీళ్లను వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్. ఈ చివరిది ముఖ్యం. ఆ రోజు చాలా ఇళ్లలో నీళ్లు గుమ్మం దాటకముందే బాత్రూంలోంచి పైకి తన్నాయి.

కొండల మీది ఇళ్ల సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. ఆ వరదకి ముందురోజే మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ప్రాణాలు పోయాయి. అటువైపు ఇళ్లు చూడటానికి వెళితే మొదట రిటైనింగ్ గోడలో నీళ్లు కారే రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో చూడండి. మురికి నీళ్లు కారి గోడ పాడవుతోందని వాటిని సిమెంటుతో మూసేసిన ఇళ్లు నేనే చూశాను. వెనక నిలిచిన నీటి బరువు ఎంతుంటుందో మీకు తెలుసు, వాళ్లకి తెలియదు.

ఈ రోజుల్లో మన చేతిలో అన్నిటికన్నా పనికొచ్చే పరికరం ఆటో లెవెల్, ఎత్తుపల్లాలు కొలిచే దుర్భిణి లాంటిది. కంప్యూటర్ కాదు. ఎందుకంటే మన ఊళ్లలో ప్రతి తగాదా చివరికి నీళ్లు ఎటు పోతాయనే దగ్గరే తేలుతుంది. పాత సీసీ రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తారు, ప్రతిసారీ నాలుగైదు అంగుళాలు. ఇరవై ఏళ్లలో ఇల్లు గోతిలో పడుతుంది. తర్వాత ఇంటాయన బేస్‌మెంట్ లేపుకుంటాడు, అప్పుడు పక్కింటాయన మునుగుతాడు.

విజయవాడలో ఒక కాలనీ వాళ్లు కొత్త రోడ్డుకు ముందు నన్ను పిలిచారు. పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టి వీధి పొడుగునా నలభై చోట్ల రీడింగులు తీసుకున్నాను. లెక్కలు కాగితం మీద చూపిస్తే ఎవరూ చూడరని నాకు అనుభవమే. అందుకని కొత్త రోడ్డు ఏ ఎత్తుకు వస్తుందో లెవెల్ చూసి, ప్రతి ఇంటి గేటు స్తంభం మీద నీలం రంగుతో ఒక గీత గీయించాను. అన్ని గీతలూ ఒకే ఎత్తు, ఇళ్లు మాత్రం వేరువేరు. ఒకరి గేటు దగ్గర ఆ గీత మడమ దగ్గరుంది, వీధి మధ్యలో ఒక పెద్దావిడ ఇంటి ముందు మోకాలి దాకా ఉంది. ఆవిడ అక్కడ నిలబడి చీర కుచ్చిళ్లు పట్టుకుని చూసుకుంది. ఆ సాయంత్రం మీటింగులో నేను మాట్లాడాల్సిన అవసరమే రాలేదు. పాత రోడ్డు తవ్వాకే కొత్తది వేయాలని అందరూ కలిసి అర్జీ రాశారు. అర్జీతో పాటు రీడింగుల కాగితం జతచేశాం. ఏఈ గారు కూడా కొలతలతో వచ్చినవాళ్లను అంత తేలిగ్గా పంపేయలేరు.

అంతా సుఖాంతం అనుకోకండి. అదే వీధిలో డ్రైను మీద ఇంటింటికీ ర్యాంపులున్నాయి, ఒక్కొక్కటి ఒక్కో ఆనకట్ట. రెండు తీసేశారు. మూడోది తీయమంటే ఆ ఇంటాయన ఇప్పటికీ నాతో మాట్లాడడు.

మీ నాన్నగారి సంగతి. మేస్త్రీకి ఇంజనీరు పోటీ అనే మాట పట్టించుకోవద్దు. నాకు సైటు నేర్పింది ఒక మేస్త్రీయే. కాంక్రీటును గరిటెతో తట్టి నీళ్లు ఎక్కువయ్యాయో లేదో చెప్పేవాడు. కానీ వాళ్లకు కొన్ని మొండి అలవాట్లుంటాయి. పని సాగడానికి మిక్సర్లో ఇంకో బకెట్టు నీళ్లు పోయించడం, రాడ్ల కింద ఎడం కోసం పెట్టే కవర్ బ్లాకులకు బదులు కంకర ముక్క పెట్టడం, నాలుగు రోజులకే తడపడం ఆపేయడం. ఇప్పుడు ఎక్కువగా వాడేది పీపీసీ, అంటే బూడిద లాంటివి కలిపిన సిమెంటు. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం దానికి కనీసం 10 రోజులు తడపాలి, మన ఎండలకు ఇంకా ఎక్కువ. ఇవి చెప్పేటప్పుడు కూలీల ముందు చెప్పకండి, టీ కొట్టు దగ్గర చెప్పండి.

నా తప్పు ఒకటి కూడా చెప్పాలి. చేరిన నాలుగో ఏడు, ఒక ఇంటి పోర్టికో బాల్కనీకి డ్రాయింగ్ ఇచ్చాను. బాల్కనీ గోడ నుంచి బయటికి వేలాడుతుంది కాబట్టి మెయిన్ రాడ్లు పైన ఉండాలి, డ్రాయింగులో అలాగే చూపించాను. స్లాబు రోజు వేరే సైటులో పనుందని నేను వెళ్లలేదు. కాంక్రీటు పోసేవాళ్లు ఆ రాడ్ల మీద నడిచారు, అవి అడుక్కి దిగిపోయాయి. సెంట్రింగ్ విప్పుతుంటే గోడ మొదట్లో పైభాగాన గీత పడింది. మేస్త్రీ తెలివైనవాడు, వెంటనే కర్రలు మళ్లీ నిలబెట్టి నాకు కబురు పంపాడు. మొత్తం పగలగొట్టి మళ్లీ పోశాం, సగం ఖర్చు నేను పెట్టుకున్నాను. కాగితం సరిగ్గానే ఉందని వాదించవచ్చు. కానీ ఆ బాల్కనీ కింద ఇంటాయన మనవడు సైకిల్ తొక్కేవాడు. అప్పటినుంచి రాడ్లు చూడకుండా స్లాబు పోయనివ్వను. యాప్ గురించి అడిగారు కదా, ప్లాను గీయగలదు, ఆ రాడ్లు ఎక్కడున్నాయో చూసి రాలేదు.

డబ్బు గురించి నిజం చెబుతాను. మొదటి మూడు నాలుగేళ్లు కష్టం. సాఫ్ట్‌వేర్ మిత్రుల జీతాలు వింటే రాత్రి నిద్ర పట్టదు. సిద్ధాంతిగారికి తాంబూలంలో పెట్టి అడక్కుండా ఇచ్చేవాళ్లు మన దగ్గర "చూసి చెప్పినందుకు కూడా ఫీజా" అంటారు. నేను మూడు పద్ధతులు పెట్టుకున్నాను. వెళ్లే ముందే విజిట్ ఫీజు చెబుతాను. చెప్పింది నోటితో వదిలేయకుండా ఒక పేజీ తెలుగులో రాసిస్తాను. జనం ఆ కాగితానికి డబ్బిస్తారు, మాటకివ్వరు. మూడోది, అనుమతి లేని అంతస్తుకి కట్టడం గట్టిగా ఉందనే స్ట్రక్చరల్ స్టెబిలిటీ సర్టిఫికెట్ ఎంతిచ్చినా ఇవ్వను. విజయవాడకు భూకంప ప్రమాదం ఓ మాదిరిగా ఉంది, నాలుగంతస్తుల పిల్లర్ల మీద ఐదోది ఎక్కించి "ఒక్క సంతకమే కదా సార్" అనేవాళ్లు నెలకొకరైనా వస్తారు. మీ దగ్గరికీ వస్తారు, చేతిలో డబ్బు లేని నెల చూసుకుని మరీ వస్తారు.

ఉద్యోగ భద్రతే కావాలంటే సచివాలయం, పబ్లిక్ హెల్త్, పంచాయతీరాజ్ నోటిఫికేషన్లకు చదవండి, అందులో తప్పేమీ లేదు. అమరావతి పనుల్లో పెద్ద కాంట్రాక్టు కంపెనీల సైటు ఉద్యోగాలు కూడా ఉంటాయి. రెండేళ్లు అక్కడ చేసి వస్తే క్వాలిటీ అంటే ఏమిటో తెలుస్తుంది. కానీ మీరు అడిగింది ఊళ్లో ఉండటం గురించి.

దానికి డిగ్రీ చేతికి వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ వేసవిలో మీ కాలేజీ సర్వే ల్యాబు నుంచి ఆటో లెవెల్ ఒక ఆదివారం అడిగి తెచ్చుకోండి. మీ ఇంటి డ్రైను మొదలైన చోటు నుంచి అది పెద్ద కాలువలో కలిసే చోటు దాకా రీడింగులు తీయండి. ఎక్కడ నీళ్లు ఎత్తుకు ఎక్కాల్సి వస్తోందో, ఎవరి ర్యాంపు కింద పూడుకుందో, మంచినీటి పైపు ఎక్కడ మురుగులోంచి పోతోందో రాసుకోండి. ఆ కాగితం తీసుకెళ్లి మీ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటుకు చూపించండి. స్టాఫ్, అంటే రీడింగు చూసే అంకెల కర్ర, నిటారుగా పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి, మీ నాన్నగారిని అడగండి. తూకం ఆయనకన్నా బాగా ఎవరు చూస్తారు?